శ్రీరంగనాథుని ప్రవాసం - 48 ఏండ్ల నిరీక్షణ

దేవాలయానికి సుఖంగా ఉండి వచ్చేవారు కొందరు. కష్టంలో ఉండి వచ్చేవారు ఎందరో. పంట చేతికి రానివారు, కొలువు పోయినవారు, ఇంట దీర్ఘవ్యాధితో మంచం పట్టిన మనిషి ఉన్నవారు, కన్నబిడ్డను పోగొట్టుకున్నవారు ధ్వజస్తంభం దగ్గర నిలబడి కన్నులు మూసుకొని అడిగే ప్రశ్న ఒక్కటే: "స్వామీ! ఇంకా ఎన్నాళ్ళు?"

ఈ ప్రశ్నకు పెద్దలు పురాణాల నుండి సమాధానం చెబుతారు. హరిశ్చంద్రుని కాటికాపరితనం, నలదమయంతుల వియోగం, పాండవుల అరణ్యవాసం వినిపిస్తారు. మనం భక్తితో వింటాము. కాని ఇంటికి వెళ్ళే దారిలో మనస్సు మెల్లగా అంటుంది: "వారు మహాత్ములు. అది ద్వాపరం, త్రేతాయుగం. కలిలో పుట్టిన అల్పులము, మనవల్ల అవుతుందా?" అని. అందువలన ఈనాడు పురాణగాథ కాక, చరిత్రలో జరిగిన ఒక వృత్తాంతం మనవి చేస్తాను. ఇందులో కష్టం వచ్చినది ఒక భక్తునికి మాత్రమే కాదు, భక్తులందరూ ఎవరికి మొరపెట్టుకుంటారో ఆ స్వామికే వచ్చింది. భూలోక వైకుంఠమని పేరుపొందిన శ్రీరంగం విడిచి శ్రీరంగనాథుని ఉత్సవమూర్తి కొండలలో, కోనలలో, పరాయి ఊళ్ళలో 48 సంవత్సరాలు గడపవలసి వచ్చింది. ఆ 48 సంవత్సరాలూ ఆయనను విడువనివారు మనవంటి మనుష్యులే.

కాలం తలక్రిందులైన వేళ

కావేరి, కొల్లిడం నదుల నడుమనున్న ద్వీపం శ్రీరంగం. ఆళ్వారులు మంగళాశాసనం చేసిన 108 దివ్యదేశాలలో మొదటిది. భగవద్రామానుజులు ఆలయవ్యవస్థను తీర్చిదిద్ది, చివరిదాకా నివసించిన చోటు. సప్తప్రాకారాల మధ్య నిత్యోత్సవం, పక్షోత్సవం, మాసోత్సవం అంటూ ఏడాది పొడవునా తీరికలేని స్వామి ఆయన. ఆ వైభవం చూచినవారికి ఇది ఎన్నడైనా ఆగుతుందన్న ఊహ కూడ వచ్చి ఉండదు. మన ఇండ్లలోనూ అంతే కదా! బాగున్న రోజులలో, అవి బాగున్న రోజులని కూడ తెలియదు.

14వ శతాబ్ది ఆరంభంలో దక్షిణదేశ రాజకీయం కదలిపోయింది. 1311లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ దండు తమిళదేశం దాకా వచ్చి వెళ్ళింది. పాండ్యరాజ్యంలో అన్నదమ్ముల కలహం ఆ దండుకు దారి చూపినది. ఇంటిలో ఐకమత్యం లేనప్పుడే వెలుపలి ఆపద లోనికి వస్తుందని పెద్దలు చెప్పేది ఊరకే కాదు.

1323వ సంవత్సరంలో ఉలూఘ్ ఖాన్ ఓరుగల్లును జయించాడు. ఇతడే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అన్న పేరుతో ఢిల్లీ సింహాసనం ఎక్కినవాడు. కాకతీయ సామ్రాజ్యం అంతరించింది. బందీగా ఉత్తరదేశానికి తీసుకొనిపోబడుతున్న ప్రతాపరుద్ర చక్రవర్తి నర్మదాతీరంలో తనువు చాలించాడని ముసునూరి ప్రోలయనాయకుని విలస శాసనం చెబుతున్నది. ఆ దండయాత్రయే దక్షిణానికి సాగి శ్రీరంగాన్ని తాకినది. కనుక ఓరుగల్లు దుఃఖమూ, శ్రీరంగం దుఃఖమూ ఒకే ఏటి దుఃఖాలు. తెలుగువారమైన మనకు ఇది పొరుగింటి కథ కాదు.

మూడు నిర్ణయాలు

శ్రీరంగ ఆలయచరిత్రను చెప్పే 'కోయిల్ ఒళుగు' అనే గ్రంథమూ, గురుపరంపరా గ్రంథాలూ ఆనాటి వృత్తాంతాన్ని భద్రపరిచాయి. సేన సమీపిస్తున్నదన్న వార్త వచ్చేసరికి ఉత్సవమూర్తి కొల్లిడం తీరంలో ఉత్సవంలో ఉన్నారట. జనం గుమిగూడి ఉన్నారు. పారిపోయే వ్యవధి లేదు. ఏడ్చే వ్యవధి అంతకన్నా లేదు.

అట్టి క్షణంలో ఆలయ పెద్దలు మూడు పనులు చేశారు. కదలించ వీలులేని మూలవిరాట్టు ముందు రాతిగోడ కట్టి, గర్భాలయాన్ని కనబడకుండా మూసివేశారు. శ్రీరంగనాచ్చియారు, అనగా అమ్మవారి విగ్రహాన్ని ఆలయంలోనే బిల్వవృక్షం క్రింద భూమిలో దాచారు. మోసుకొని పోగలిగిన ఉత్సవమూర్తిని కొద్దిమంది వెంట దక్షిణదిక్కుకు పంపారు. కదలనిదానికి గోడ కట్టారు. దాచగలిగినదానిని భూమికి అప్పగించారు. మోయగలిగినదానిని భుజాన వేసుకున్నారు.

కష్టం విరుచుకుపడిన వేళ మనమేమి చేస్తాము? అంతా పోయిందని కూలబడతాము. లేదా అంతా మోయాలని చూచి నడుమ పడిపోతాము. వీరు అలా చేయలేదు. ఏది ఎలా దక్కుతుందో ఆలోచించి, దానిని ఆ విధంగా కాపాడుకున్నారు. దుఃఖం తరువాతి మాట అనుకున్నారు.

వెనుక నిలిచినవారి త్యాగం మాటలకందనిది. ఆ దినం శ్రీరంగంలో 12,000 మంది వైష్ణవులు ప్రాణాలు విడిచారని సంప్రదాయం. స్వామిని మోసుకొనిపోయిన వారికి కొంత వ్యవధి దొరకాలని, వెళ్ళై అనే ఆలయనర్తకి శత్రుసేనానిని మాటలతో ఆపి, గోపురం పైకి తీసుకొనివెళ్ళి, అక్కడినుండి క్రిందికి త్రోసి, తానూ దూకి మరణించిందని చెబుతారు. తూర్పున తెల్లగా నిలిచిన వెళ్ళై గోపురానికి ఆమె పేరే మిగిలినది. రాజు కాదు, ఆచార్యుడు కాదు, స్వామి ముందు నాట్యమాడి బ్రతికిన ఒక స్త్రీ. ఆమె చేసిన కైంకర్యాన్ని నేటికీ గోపురం చెబుతున్నది.

శవాల మధ్య ఒక గ్రంథం

ఆనాడు శ్రీరంగంలో ఇద్దరు మహనీయులు ఉన్నారు. ఒకరు పిళ్ళైలోకాచార్యులు. మరొకరు వేదాంతదేశికులు. తరువాతి కాలంలో శ్రీవైష్ణవంలో రెండు శాఖలు ఏర్పడి, వీరిరువురినీ చెరియొక శాఖకు పెద్దలుగా చెప్పుకోవడం జరిగింది. ఆపద వచ్చిననాడు మాత్రం వారి నడుమ శాఖాభేదం లేదు. ఒకరు విగ్రహాన్ని కాపాడారు. మరొకరు గ్రంథాన్ని కాపాడారు.

భగవద్రామానుజుల శ్రీభాష్యానికి సుదర్శనసూరి రచించిన వ్యాఖ్యానం 'శ్రుతప్రకాశిక'. వృద్ధుడైన సుదర్శనసూరి తాను ఇక బ్రతకనని గ్రహించి, ఆ వ్రాతప్రతినీ, తన ఇద్దరు కుమారులనూ వేదాంతదేశికుల చేతిలో పెట్టినారు. దేశికులు ఆ రాత్రి చనిపోయినవారి మధ్య, తానూ చనిపోయినవానివలె పడుకొని ప్రాణాలతో బయటపడినారు. ఒక ప్రక్క ఇద్దరు బాలురు, ఒక ప్రక్క తాళపత్రాల కట్ట. చుట్టూ తెలిసిన ముఖాలే, శవాలై. అటువంటి రాత్రి ఎంత దీర్ఘమైనదో ఊహించండి.

తెల్లవారిన తరువాత ఆయన కన్నడదేశానికి చేరి, సత్యమంగళంలోనూ, తిరునారాయణపురం అనే మేల్కోటలోనూ కాలం గడిపారు. శ్రీరంగానికి భయం తొలగి, భక్తులు తిరిగి నిర్భయంగా స్వామిని సేవించే దినం రావాలని ప్రార్థిస్తూ 'అభీతిస్తవం' అనే స్తోత్రం రచించారు. అభీతి అనగా భయం లేకపోవడం. గమనించండి, భయం లేనివాడు వ్రాసిన స్తోత్రం కాదది. భయాన్ని కన్నులారా చూచినవాడు, దానిని దాచుకోకుండా స్వామి పాదాల దగ్గర పెట్టి వ్రాసినది. భక్తునికి భయం కలగడం తప్పు కాదు. ఆ భయాన్ని ఎక్కడ విన్నవించాలో తెలియకపోవడమే కష్టం.

జ్యోతిష్కుడిలో వృద్ధాచార్యుడు

ఉత్సవమూర్తి వెంట వెళ్ళినవారు పిళ్ళైలోకాచార్యులు. సంప్రదాయం ప్రకారం అప్పటికి నూరేండ్లు దాటిన వృద్ధులు. నైష్ఠిక బ్రహ్మచారి. 'శ్రీవచనభూషణం', 'ముముక్షుప్పడి' మొదలైన 18 రహస్యగ్రంథాలు రచించినవారు. ఆ వయసులో ఎవరైనా కోరుకునేది ఏమిటి? జీవితమంతా సేవించిన సన్నిధిలో కన్ను మూయాలని కోరుకుంటారు. ఆయనకు లభించినది అడవిదారి.

దారిలో దొంగలు స్వామి ఆభరణాలు దోచుకున్నారట. ముందు నడుస్తున్న ఆచార్యులు విని వెనుకకు వచ్చి, తన వద్ద మిగిలినది కూడ వారికే ఇచ్చివేశారని చెబుతారు. స్వామి క్షేమంగా ఉన్నారు, ఇక సొమ్ముతో పనేమి అని ఆయన భావం. చివరకు మధుర సమీపంలో ఏనుగుకొండ దగ్గరనున్న జ్యోతిష్కుడి అనే గ్రామం చేరారు. అక్కడ కొండగుహలో స్వామిని ఉంచి ఆరాధించారు. సప్తప్రాకారాల స్వామికి ఒక గుహ. వందలాది పరిచారకుల స్వామికి పిడికెడుమంది సేవకులు. ఆ జ్యోతిష్కుడిలోనే పిళ్ళైలోకాచార్యులు పరమపదించారు. శ్రీరంగం తిరిగి చూడలేదు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. మీ మనస్సులో ఈపాటికి పుట్టి ఉంటుంది కూడ. సర్వలోకరక్షకుడైన స్వామి తన్ను తాను రక్షించుకోలేకపోయాడా? భక్తుల భుజాల మీద పారిపోవలసిన గతి ఆయనకెందుకు? ఈ ప్రశ్నను మూసిపెట్టి ముందుకు పోతే, మన కష్టాలలో అదే ప్రశ్న తిరిగి లేస్తుంది.

దీనికి సమాధానం ఆ వృద్ధాచార్యుని సిద్ధాంతంలోనే ఉన్నది. భగవంతునికి పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని ఐదు స్థితులు. వీటిలో అర్చావతారం, అనగా ఆలయాలలోని విగ్రహరూపం, సౌలభ్యానికి పరాకాష్ఠ. ఈ రూపంలో స్వామి తన స్వాతంత్ర్యాన్ని దాచుకొని అర్చకపరాధీనుడై ఉంటాడు. మనం స్నానం చేయిస్తే స్నానం. నైవేద్యం పెడితే భోజనం. తలుపు వేస్తే నిద్ర. పసిబిడ్డ తల్లి చేతిలో ఉన్నట్లు ఆయన మన చేతిలో ఉంటాడు. అందుకే పెరియాళ్వారు స్వామిని వరాలు అడగక, స్వామికే దృష్టి తగులుతుందేమోనని తిరుప్పల్లాండులో ఆయనకు మంగళం పాడారు. రక్షింపవలసినవానిని తామే రక్షించాలన్న ఈ ఆరాటం ప్రేమ ముదిరితే కలిగే అవస్థ అని శ్రీవచనభూషణం వివరిస్తుంది. ఏ ఆచార్యుడు దీనిని గ్రంథంలో వ్రాశాడో, ఆ ఆచార్యుడే ముదిమి వయసులో దానిని కాలినడకన అనుష్ఠించి చూపినాడు.

కాబట్టి కష్టం వచ్చిననాడు "స్వామి నన్ను మోయడం లేదే" అని మనం అనుకునే క్షణంలో, ఆయన మన చేతికి ఏదో ఇచ్చి మోయమంటున్నాడేమో చూచుకోవాలి. అది మంచంలో ఉన్న తల్లి కావచ్చు. తండ్రిలేని బిడ్డ కావచ్చు. మోయవలసినది ఒకటి ఉన్నదన్న జ్ఞానమే చాలామందిని పడిపోకుండా నిలుపుతుంది.

నడక ఆగలేదు

ఆచార్యుని తరువాత స్వామి ప్రయాణం సాగింది. తిరుమాలిరుంశోలై అనే అళగర్ కోయిల్ లో కొంతకాలం, అక్కడినుండి పడమటి కనుమలు దాటి కేరళదేశంలో కోళిక్కోడులో కొంతకాలం. అదే సమయంలో ఆళ్వార్ తిరునగరి నుండి తరలివచ్చిన నమ్మాళ్వారుల విగ్రహం కూడ అక్కడ చేరినదట. ఇల్లు కోల్పోయిన స్వామి, ఇల్లు కోల్పోయిన భక్తుడు పరదేశంలో కలుసుకున్నారు. ఆ తరువాత మేల్కోటలో చాలాకాలం. చివరకు తిరుమల కొండ చేరిక.

తిరుమల ప్రాంతంలో జరిగినదానిని కోయిల్ ఒళుగు ఇలా చెబుతుంది. చివరకు స్వామి వెంట మిగిలినవారు బంధువులైన ముగ్గురు కైంకర్యపరులు మాత్రమే. కొండదారిలో ప్రమాదం శంకించి, వారిలో ఒకడు స్వామిని తన దేహానికి కట్టుకొనగా, తక్కినవారు వేళ్ళు, తీగలు పేనిన తాళ్ళతో అతనిని లోతైన లోయలోనికి దించారు. తరువాత వారిద్దరూ గతించారు. మిగిలిన ఒక్కడు కందమూలాలు తింటూ, జడలు కట్టిన తలతో, ఆ కోనలో ఒంటరిగా స్వామిని ఏండ్లతరబడి ఆరాధిస్తూ ఉండిపోయాడు. అడవిలో తిరిగే ఇరుళులు అతనిని చూచేవరకు లోకానికి ఆ సంగతి తెలియలేదు.

ఆ ఒంటరివాని మాట తలచుకున్నప్పుడల్లా మనస్సు చలిస్తుంది. అతనికి ఏ వార్తా చేరదు. రాజ్యాలు పడిపోయాయో లేచాయో తెలియదు. తిరిగి శ్రీరంగం వెళ్ళే దినం వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. అయినా ఉదయం లేస్తాడు, వాగులో నీరు తెస్తాడు, స్వామికి అభిషేకం చేస్తాడు, దొరికిన దుంప నైవేద్యం పెడతాడు, తరువాత తాను తింటాడు. మరునాడు మరల అదే. 48 సంవత్సరాలు అన్నమాట మనకు పెద్దగా వినిపిస్తుంది. అతడు లెక్కించినది సంవత్సరాలను కాదు, ఆ పూట ఆరాధనను. కష్టాన్ని ఒక్కసారిగా చూస్తే కొండ. ఒక పూట వంతున చూస్తే బిందెడు నీరు, గుప్పెడు పువ్వులు.

ఆ తరువాత స్వామి తిరుమల ఆలయంలో ఆరాధనలు అందుకున్నారు. నేడు తిరుమల మహాద్వారం దాటి లోపలికి వెళ్ళిన భక్తులకు కృష్ణరాయ మండపానికి దక్షిణంగా ఎత్తైన ఒక మండపం కనబడుతుంది. రంగనాయకుల మండపమని దాని పేరు. అతిథిగా వచ్చిన శ్రీరంగనాథుడు అక్కడ కొలువున్నాడని ప్రసిద్ధి. దర్శనానికి త్వరపడుతూ మనం దానిని చూడకుండానే దాటిపోతాము. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క క్షణం ఆగి చేతులు జోడించండి. ఏడుకొండలవాడు తన ఇంట, కష్టంలో ఉన్న మరొక స్వామికి చోటిచ్చిన మండపమది. ఇంటికి కష్టంతో వచ్చినవానికి చోటివ్వడం ఎంతటి ధర్మమో ఆ రాతిస్తంభాలు చెబుతాయి.

పగ లేని జ్ఞాపకం

ఈలోగా దేశకాలాలు మారుతూ వచ్చాయి. మధురలో 1335 ప్రాంతంలో స్వతంత్ర సుల్తాను రాజ్యం ఏర్పడింది. తెలుగుదేశంలో ప్రోలయనాయకుడు, ఆ తరువాత కాపయనాయకుడు నాయకులను కూడగట్టి నిలిచారు. 75 మంది నాయకులు కలిసి వచ్చారని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం స్మరిస్తున్నది. 1336లో విజయనగర సామ్రాజ్యానికి అంకురార్పణ జరిగింది. బుక్కరాయల కుమారుడు కంపరాయలు తమిళదేశంపై దండెత్తి, ముందు శంబువరాయలను, తరువాత మధుర సుల్తానును జయించాడు.

ఈ జైత్రయాత్రను కంపరాయల భార్య గంగాదేవి 'మధురావిజయం' అనే సంస్కృతకావ్యంగా రచించింది. కావ్యారంభంలో ఆమె పూర్వకవులను స్తుతిస్తూ మన తిక్కనను కూడ స్మరించడం తెలుగువారికి గర్వకారణం. పాడుపడిన ఆలయాల దీనస్థితిని ఆమె ఒక దేవత నోట చెప్పించిన తీరు చదివినవారి కన్నులు చెమర్చక మానవు. ఆ కావ్యం కూడ చాలాకాలం మరుగున ఉండి, 1916లో తిరువనంతపురంలో అసంపూర్ణమైన వ్రాతప్రతిగా దొరికింది. అది కూడ ఒక ప్రవాసమే!

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ వృత్తాంతం వినేది ఒక మతంవారి మీద పగ పెంచుకోవడానికి కాదు. రాజ్యకాంక్షతో జరిగిన యుద్ధాలకు నేటి మన ఇరుగుపొరుగు కారకులు కారు. శ్రీరంగమే ఈ విషయంలో మనకు గురువు. ఆ ఆలయంలో తులుక్కనాచ్చియారు సన్నిధి ఉన్నది. ఢిల్లీకి చేరిన విగ్రహం మీద సుల్తాను కుమార్తె ఒకతె ప్రేమను పెంచుకొని, స్వామి వెంట శ్రీరంగం దాకా వచ్చిందని కోయిల్ ఒళుగు కథ. ఆమె చిత్రరూపంలో ఆ సన్నిధిలో వెలసి ఉన్నది. స్వామికి ఆమె పేర గోధుమరొట్టె నివేదన చేస్తారు. అంతటి దుఃఖం అనుభవించిన ఆలయం, ఆ వంశపు కన్యకు నాచ్చియారు అని పేరు పెట్టి సన్నిధిలో చోటిచ్చింది. కష్టకాలాన్ని దాటడమంటే ప్రాణాలతో మిగలడం ఒక్కటే కాదు. మనస్సులో విషం మిగలకుండా దాటడం.

1371: బంధుప్రియమైన సంవత్సరం

కంపరాయల కొలువులో గోపనార్యుడనే బ్రాహ్మణోత్తముడు ఉన్నాడు. గోపన్న అని వాడుక. సెంజి సీమకు అధికారి. ఇతడే తిరుమల నుండి స్వామిని సెంజికి తీసుకొనివచ్చి, సమీపంలోని సింగవరంలో కొంతకాలం ఆరాధనలు జరిపించి, దారులు నిష్కంటకమైన తరువాత శ్రీరంగానికి వేంచేపు చేయించాడు. అంజనాద్రి నుండి స్వామిని తెచ్చి తిరిగి ప్రతిష్ఠించిన ఈ సంగతిని రెండు శ్లోకాలలో చెప్పే శాసనం శ్రీరంగ ఆలయకుడ్యంపై నేటికీ ఉన్నది.

ఆ శాసనంలో శకసంవత్సరాన్ని అంకెలలో చెప్పక 'బంధుప్రియే' అన్న పదంలో ఇమిడ్చారు. కటపయాది సంఖ్యారీతిని బ అనగా 3, ధు అనగా 9, ప్రి లోని రేఫకు 2, యే అనగా 1. వెనుకనుండి చదివితే 1293. శకం 1293 అంటే క్రీస్తుశకం 1371. 'బంధుప్రియ' అంటే బంధువులకు ప్రియమైనది. 48 సంవత్సరాల తరువాత ఇంటికి వచ్చిన స్వామి రాకను చెప్పడానికి ఆ శాసనకవికి ఇంతకంటే మంచి మాట దొరకదు.

అయితే కథ ఇక్కడితో ముగియలేదు. ఆనందంలో ఒక చిక్కు వచ్చింది. స్వామి లేని కాలంలో శ్రీరంగంలో మరొక ఉత్సవమూర్తిని ప్రతిష్ఠించి పూజిస్తున్నారు. వచ్చినది అసలు మూర్తియేనా? గుర్తించేవారెవరు? 1323లో యౌవనంలో ఉన్నవారు కూడ ఇప్పుడు వృద్ధులు. ఎక్కువమంది గతించారు. తెచ్చినవారు పాతమూర్తిని శ్రీరంగంలో ఎన్నడూ చూడనివారు. ఉన్నవారు ఈ మూర్తిని ఎరుగనివారు.

అప్పుడు ఊరిలో ఒక వృద్ధరజకుడు ఉన్నాడని తెలిసింది. పూర్వం స్వామి వస్త్రాలు ఉతికినవాడు. ఇప్పుడు కన్నులు లేవు. అతడు చెప్పినది ఇది: "ఇరువురు మూర్తులకూ తిరుమంజనం చేయించి, ఆ తడివస్త్రాలు పిండిన తీర్థం నాకు ఇవ్వండి." అలాగే ఇచ్చారు. ఒక తీర్థం పుచ్చుకున్నాడు. ఏమీ అనలేదు. రెండవది పుచ్చుకోగానే, ఆ కస్తూరి పరిమళం, ఆ రుచి తెలిసి, పరవశించి "నంపెరుమాళ్!" అని అరచినాడు. 'ఈయన మన స్వామి' అని అర్థం. ఆనాటి నుండి శ్రీరంగ ఉత్సవమూర్తికి 'నంపెరుమాళ్' అన్నదే పేరయింది. మధ్యకాలంలో పూజలందుకున్న మూర్తిని కూడ తీసివేయలేదు. తిరువరంగమాళిగైయార్ అన్న పేరుతో ఆ సన్నిధిలోనే నిలుపుకున్నారు. కష్టకాలంలో ఆదుకున్నవారిని మంచిరోజులు రాగానే మరువరాదన్న నీతి అందులో ఉన్నది.

ఆలోచించండి. వేదవేదాంగపారంగతులు ఉన్న ఊరు. ఆచార్యపురుషులు ఉన్న ఊరు. స్వామికి పేరు పెట్టినవాడు మాత్రం చూపులేని ఒక చాకలి. తన నిత్యకృత్యాన్ని ఎంత శ్రద్ధతో చేసి ఉంటే, ఆ పరిమళం 48 సంవత్సరాలు అతని జ్ఞాపకంలో నిలిచి ఉంటుంది! మంచిరోజులలో మనం ఏకాగ్రతతో చేసిన చిన్న సేవ, చెడ్డరోజులన్నీ గడచిన తరువాత మనకు దారి చూపుతుంది.

మొదలుపెట్టినవారు, ముగించినవారు

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒకటి ఉన్నది. బయలుదేరదీసిన పిళ్ళైలోకాచార్యులు తిరిగిరాక చూడలేదు. లోయలోనికి తాడు వదిలిన చేతులు ఆ రాకను చూడలేదు. వెళ్ళై చూడలేదు. తిరిగి తెచ్చిన గోపన్న నాటి ప్రయాణాన్ని ఎరుగడు. ఎవరికీ కథ మొత్తం తెలియదు. ఎవరి భాగం వారు మోసి, తరువాతివారి భుజం మీద పెట్టారు. "నా జన్మలో ఇది తీరుతుందా?" అన్న ప్రశ్నకు చాలామంది విషయంలో చరిత్ర చెప్పిన సమాధానం "తీరదు" అన్నదే. అయినా వారి శ్రమ వ్యర్థం కాలేదు.

జ్యోతిష్కుడిలో అంత్యదశలో ఉండి కూడ పిళ్ళైలోకాచార్యులు ఒక ఏర్పాటు చేశారు. మధుర రాజకార్యాలలో మునిగి ఉన్న తిరుమలై ఆళ్వారు అనే శిష్యుని తిరిగి సంప్రదాయమార్గంలోనికి తేవాలని తన అంతరంగ శిష్యులకు చెప్పి కన్ను మూశారు. ఆ శిష్యుడే తరువాత తిరువాయ్మొళిప్పిళ్ళై, శ్రీశైలేశులన్న పేర్లతో ప్రసిద్ధుడై, అడవిగా మారిన ఆళ్వార్ తిరునగరిని బాగుచేయించి నమ్మాళ్వారులను తిరిగి వేంచేపు చేయించారు. ఆయన శిష్యులు మణవాళ మహామునులు. వీరు జన్మించినది 1370లో, స్వామి తిరిగిరావడానికి ఒక సంవత్సరం ముందు. ఆ మహామునులు పెద్దవారై శ్రీరంగం వచ్చి, నంపెరుమాళ్ ఎదుట ఒక సంవత్సరకాలం తిరువాయ్మొళి వ్యాఖ్యానమైన 'ఈడు'ను ప్రవచించారు. స్వామి తన ఉత్సవాలన్నీ ఆపి విన్నాడని ప్రతీతి. ఆ ఈడు గ్రంథాన్ని తొలుత పత్రాలకెక్కించినవారెవరో తెలుసునా? వడక్కుత్తిరువీధిప్పిళ్ళై. గుహలో కన్ను మూసిన పిళ్ళైలోకాచార్యుల తండ్రిగారు.

తండ్రి వ్రాసిన గ్రంథం, కుమారుడు కాపాడిన స్వామి, శిష్యపరంపరలోని మహనీయుని నోట, స్వస్థానంలో మరల కలుసుకున్నాయి. జ్యోతిష్కుడి గుహలో ఆ వృద్ధుడు దీనిని ఊహించి ఉంటాడా? ఊహించనవసరం లేదు. తన వంతు తాను చేశాడు. మిగిలినది స్వామి చూచుకున్నాడు.

భగవద్బంధువులారా! మీలో ఎవరెవరు ఏ భారంతో ఈ ఆవరణలోనికి వచ్చారో నాకు తెలియదు, స్వామికి తెలుసు. మీ కష్టం రేపే తీరుతుందని నేను మాట ఇవ్వలేను. ఈ రాత్రి ఇంటికి వెళ్ళిన తరువాత ఒక్క పని చేయండి. దీపం పెట్టే అలవాటు ఉన్నవారు, ఎంత దుఃఖంలో ఉన్నా ఆ దీపం మానకండి. వ్యాధిగ్రస్తునికి మందు ఇచ్చే వేళ తప్పకండి. చదువుకొనే పిల్లవానికి చెప్పే నాలుగు మంచిమాటలు ఆపకండి. మోయలేనంత బరువైతే ప్రక్కవానిని పిలిచి ఒక చేయి వేయమని అడగండి, సిగ్గుపడకండి. స్వామి విగ్రహాన్నే ఒక్కరు మోయలేదు, ఒకరి తరువాత ఒకరు మోశారు.

'ఇంకా ఎన్నాళ్ళు' అన్న ప్రశ్న మరల లేచినప్పుడు, కోనలో ఒంటరిగా వాగునీరు తెస్తున్న ఆ కైంకర్యపరుని తలచుకోండి. ఆయన తెచ్చిన నీటితోనే ఆ మూర్తి నిలిచినది. ఆ మూర్తియే నేడు శ్రీరంగ వీథులలో ఊరేగుతూ లక్షలమందికి దర్శనమిస్తున్నది. అట్టి నంపెరుమాళ్ళు, ఆయనకు ఆశ్రయమిచ్చిన శ్రీనివాసుడు, మీకు కష్టాన్ని ఓర్చే బలమునూ, ఓర్చిన తరువాత విషం మిగలని మనస్సునూ అనుగ్రహింతురు గాక!

శుభం భూయాత్.